సాబ్ దుకాణంలో మారియో

మొన్న పండక్కి నల్లగొండ పోయినప్పుడు, అమ్మ ఫోను చార్జింగ్ ఎక్కడం లేదంటే గడియారం చౌరస్తా దగ్గర ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. కుర్రాడు వెనక మూత ఊడదీసి, దీపం దగ్గరికి లాక్కుని, సోల్డరింగ్ ఐరన్ కొసను డబ్బాలో ఉన్న పసుపు రంగు ముద్దకు తాకించాడు. సుయ్‌మని సన్నటి పొగ లేచింది. సాంబ్రాణి వాసనలా ఉంటుంది, కాలిన తీగ వాసనలా కూడా ఉంటుంది. అది ముక్కుకు తగలగానే ఫోను సంగతి మరిచిపోయాను. దాదాపు ముప్పై ఏళ్ల కింద ఇదే వాసన పీలుస్తూ, ప్రకాశం బజారు పక్క సందులో ఒక టీవీ రిపేరు దుకాణం మెట్ల మీద నా వంతు కోసం కూర్చున్న సాయంత్రాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు, "అన్నా, నీ ఫేవరెట్ గేమ్స్ ఏంటి?" అని. నలభైకి దగ్గరపడినా నేనింకా ఆడుతున్నానంటే వాళ్లకు వింత. పేర్లు చెప్పడం పెద్ద పనేం కాదు. ఎందుకిష్టమో చెప్పాలంటే మాత్రం ఆ సందులోంచే మొదలుపెట్టాలి.

ఆ దుకాణమాయన పేరేమిటో నాకు తెలియదు. పిల్లలూ పెద్దలూ అందరూ సాబ్ అనే పిలిచేవాళ్లు. తెల్ల లాల్చీ, పై జేబులో టెస్టర్, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. గోడ పొడవునా చెక్క అరలు, వాటి నిండా వెనక డబ్బా ఊడిన టీవీలు. బీరువా తలుపుల్లాంటి చెక్క షట్టర్లున్న టీవీలు కూడా ఉండేవి.

రిపేరైన టీవీని సాబ్ వెంటనే ఇచ్చేవాడు కాదు. రెండు మూడు గంటలు ఆగకుండా నడవాలి, వేడెక్కినాక బొమ్మ మళ్లీ పోతుందేమో చూడాలి అనేవాడు. ఆ రెండు మూడు గంటలూ దానికి వీడియో గేమ్ తగిలించి మమ్మల్ని ముందు కూర్చోబెట్టేవాడు. అరగంటకు రెండు రూపాయలు. మధ్యలో టీవీ ఆగిపోతే పైసలు వాపసు. పైగా ముందు బొమ్మ పోయిందా, సౌండు పోయిందా, పోయే ముందు బొమ్మ వణికిందా అని మమ్మల్నే అడిగేవాడు. మేం చెప్పింది మొత్తం విని, అప్పుడు స్క్రూడ్రైవర్ అందుకునేవాడు. పదేళ్ల పిల్లల మాటను అంత శ్రద్ధగా విన్న పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ వీడియో గేమ్ జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకలు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పసుపు రంగు క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసి ఉండేది. లోపల ఉన్నవి పది పన్నెండే, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. యాంటెన్నా వైరు పెట్టే చోట దాని వైరు గుచ్చి, సాబ్ ట్యూనింగ్ చక్రాన్ని వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పేవాడు. తెరంతా చీమలు పాకుతున్నట్టు చుక్కలు. ఆ చుక్కల్లోంచి ముందు పాట వచ్చేది, తర్వాత మెల్లగా, టోపీ పెట్టుకున్న ఆట హీరో మారియో తేలేవాడు. మెట్ల మీద ఉన్న మేమందరం ఒకేసారి లేచి నిలబడేవాళ్లం.

రోజుకో టీవీ. అందుకే మారియో టోపీ ఎర్రనిదని నాకు చాలా నెలలు ఖాయంగా తెలియలేదు. ఒక టీవీలో అది నారింజ, ఒక దాంట్లో గులాబీ, పిక్చర్ ట్యూబ్ పాతబడిన ఇంకో దాంట్లో మట్టి రంగు. వోల్టేజీ తక్కువైన రోజు తెర నాలుగు వైపులా కుంచించుకుపోయి మారియో పొట్టిగా, లావుగా నడిచేవాడు. ఒకరోజు బొమ్మ పైకి జారుతూ ఉంటే, జారుతున్న బొమ్మతో పాటు తల ఊపుతూనే మా దోస్తు ఒక స్టేజీ దాటించాడు.

అన్నిటికంటే గుర్తున్నది మాత్రం ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఎవరిదో పల్లెటూరి వాళ్లది, రెండు వారాలు తీసుకుపోలేదు. ఆ రెండు వారాలూ దాని మీదే ఆడాను. రంగుల్లేకపోయేసరికి నా చూపు ఆకారాల మీద పడింది. ఆకాశంలో ఉన్న మబ్బూ, నేల మీద ఉన్న పొదా ఒకే బొమ్మ. అవే మూడు గుండ్రటి వంపులు. సాబ్‌కు చూపిస్తే కళ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు. "సహీ పట్టినవ్ బేటా. మబ్బే కిందికి దిగి చెట్టయింది" అన్నాడు.

ఆ మాట నిజమే. 1985లో నింటెండోలో షిగేరు మియామోటో అనే ఆయన బృందం ఈ సూపర్ మారియో బ్రదర్స్ ఆట చేసినప్పుడు వాళ్లకున్న చోటు మొత్తం 40 కిలోబైట్లు. ఈ రోజు మనం వాట్సాప్‌లో పంపుకునే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా సాధారణంగా అంతకంటే పెద్దది. 32 స్టేజీలు, కోజి కొండో చేసిన పాటలు, తాబేళ్లు, గొట్టాలు, కోటలు అన్నీ అందులోనే పట్టాలి. అందుకని ఒకే బొమ్మకు పైన తెలుపు వేసి మబ్బు చేశారు, కింద ఆకుపచ్చ వేసి పొద చేశారు. ఉన్న కొంచెం గుడ్డను తిప్పి తిప్పి కుట్టి ఇంటిల్లిపాదికీ బట్టలు సరిపెట్టిన అమ్మలాంటి పని అది. మారియో మీద నా ప్రేమ ఆ రోజు నుంచి రెట్టింపైంది.

ఇంకో కారణం కూడా ఉంది. మాది కనగల్ వైపు పల్లె. నాయనకు మూడెకరాల బత్తాయి తోట. నేను నల్లగొండలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. శనివారం సాయంత్రం బస్సు దిగేసరికి ఊరి బయట నుంచే బోరు లారీ చప్పుడు వినపడేది. అది మా తోటలోదేనా అని గుండె దడదడలాడేది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే మనిషి వచ్చి, కాయ నిలబడ్డ చోట సున్నంతో గుర్తు పెట్టేవాడు. నాయన దండం పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. 200 అడుగులు, 250, 300. బోరు గొట్టంలోంచి లేచిన తెల్ల దుమ్ము బత్తాయి ఆకుల మీద పొరలా పడేది. పక్క చేను వాళ్లకు 180కే పడ్డ నీళ్లు మాకు 300కు కూడా పడేవి కావు. ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. నాయన లారీ వాళ్లకు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, గట్టు మీద కూర్చునేవాడు.

మారియోలో అలా కాదు. మొదటి స్టేజీలో ఆ మొదటి పురుగు ఎప్పుడూ అదే చోటి నుంచి వస్తుంది, అదే వేగంతో వస్తుంది. నక్షత్రం ఉన్న ఇటుకలో ఎప్పుడూ నక్షత్రమే ఉంటుంది. గుంటలో పడ్డామంటే తప్పు మనదే. ఎక్కడ తప్పామో కనపడుతుంది, మళ్లీ పోయి సరిచేసుకోవచ్చు. ఆదివారం రాత్రి మేనమామ ఇంటికి తిరిగొచ్చాక, సోమవారం బడి ఎప్పుడు విడుస్తారా అని నేనెందుకంత తండ్లాడేవాణ్ణో అప్పుడు నాకు మాటల్లో తెలియదు. ఇప్పుడు తెలుసు.

ఒకసారి 8-3 దాకా పోయాం. అంటే ఇంకొక్క స్టేజీ దాటితే ఆఖరి కోట. సందులో పిల్లలందరూ గుమిగూడారు, ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్న వాళ్లు కూడా గ్లాసులతో వచ్చి నిలబడ్డారు. కరెంటు పోయింది. ఆ ఆటకు ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకునే ఏర్పాటు లేదు, కరెంటు వచ్చాక మళ్లీ 1-1 నుంచే. చీకట్లో ఎవరం మాట్లాడలేదు. సాబ్ కొవ్వొత్తి వెలిగించి, కరిగిన మైనంతో బల్ల మీద అంటించి, "తొవ్వ ఎరుకైంది గదా బేటా. రేపు జల్దీ పోతవ్" అన్నాడు. మర్నాడు నిజంగానే తొందరగా పోయాం. 8-4లో ఓడిపోయాం, అది వేరే సంగతి.

*

బాతుల ఆట గురించి చెప్పకపోతే సాబ్‌కు అన్యాయం చేసినట్టే. డక్ హంట్, 1984 నాటిది. వీడియో గేమ్‌తో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ వచ్చేది. టీవీ వైపు గురిపెట్టి కాలిస్తే గడ్డిలోంచి లేచిన బాతు కింద పడేది. ఆ తుపాకీలోంచి కంటికి కనపడని గుండేదో పోయి అద్దానికి తగులుతుందని మా అందరి నమ్మకం. అద్దం పగులుతుందేమోనని నేను మెల్లగా నొక్కేవాణ్ణి.

సాబ్ ఒక రోజు తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. "గన్ను కాలుస్తలేదు రా. చూస్తున్నది." తుపాకీ గొట్టంలో ఉండేది ఒక కన్ను. మీట నొక్కగానే తెర ఒక్క లిప్తపాటు నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి డబ్బా వెలుగుతుంది. ముందు చీకటి, తర్వాత వెలుగు. రెండూ ఆ వరసలో కన్ను చూస్తే బాతు పడ్డట్టు. వెలుగు కనపడలేదంటే గురి తప్పినట్టు. "బల్బుకు గురిపెడితే రోజూ గెలవచ్చు కదా సాబ్" అన్నాను. పెట్టి చూడమన్నాడు. పెట్టాను, బాతు పడలేదు. "ముందు చీకటి చూడాలె గదా. బల్బు కాడ చీకటేడిది?" అన్నాడు.

ఆ మాట విన్నాక తుపాకీ పట్టుకుని, కళ్లు ఆర్పకుండా తెరనే చూస్తూ మీట నొక్కాను. కనపడింది. రెప్పపాటులో పదో వంతు చీకటి, అందులో చిన్న తెల్ల చతురస్రం. అప్పటిదాకా వంద సార్లు నా కళ్ల ముందే జరిగినా నేను చూడని సంగతి. చదువుకుని ఈ కంప్యూటర్ల ఉద్యోగంలోకి రావడానికి ఏది కారణమని ఎవరైనా అడిగితే ఆ తెల్ల చతురస్రమే గుర్తొస్తుంది.

నాలుగేళ్ల కింద హైదరాబాద్‌లో పాత సామాన్లమ్మే చోట అలాంటి వీడియో గేమే తుపాకీతో సహా దొరికితే కొన్నాను. ఇంట్లో గోడకున్న పెద్ద టీవీకి పెట్టాను. మారియో బాగానే నడిచాడు. బాతు ఒక్కటి కూడా పడలేదు. ఆ తుపాకీ పాత గాజు ట్యూబు టీవీల కోసం చేసింది. వాటిలో బొమ్మ ఏ క్షణానికి రావాలో ఆ క్షణానికే వెలిగేది. ఇప్పటి టీవీ బొమ్మను చూపించడానికి కొంచెం సమయం తీసుకుంటుంది, ఆ కొంచెంలోనే తుపాకీ కన్ను చూసి, ఏమీ లేదనుకుని మూసుకుంటుంది. ఈ సంగతి సాబ్‌కు చెప్పాలనిపించింది. ఆయన అప్పటికే సామాన్లన్నీ అమ్మేసి మిర్యాలగూడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. గోడ టీవీలు వచ్చాక దుకాణం రెండేళ్లు కూడా నిలవలేదు. ఇప్పుడు అక్కడ ఫోన్ కవర్లమ్ముతున్నారు.

*

మా దోస్తు అన్నాను కదా, వాడు సాబ్ చెల్లెలి కొడుకు. నా క్లాసే. కాంట్రా మేమిద్దరం కలిసి ఆడేవాళ్లం. నాకు నీలం ప్యాంటు సైనికుడు, వాడికి ఎర్ర ప్యాంటు. బ్లాక్ అండ్ వైట్ టీవీలో ఎవరు ఎవరో తెలియక, దూకి చూసుకునేవాళ్లం.

కాంట్రాలో మూడో స్టేజీ జలపాతం. కింది నుంచి పైకి రాళ్ల మీద దూకుతూ పోవాలి. ఒకడు తొందరపడి పైకి పోతే తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు ఏ శత్రువూ తగలకుండానే చచ్చిపోతాడు. మొదట్లో మేమిద్దరం ఈ స్టేజీ దగ్గరే కొట్లాడుకున్నాం. వారం రోజులు మాట్లాడుకోలేదు కూడా. తర్వాత మాకు మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పైనున్నవాడు "దూకాల్నా?" అని అడగాలి, కిందివాడు "ఆ, దూకు" అనాలి. సందులో పోయేవాళ్లకు పిచ్చి మాటల్లా వినపడేవి. "దూకాల్నా?" "ఆగు, ఇంక రాలె." "దూకాల్నా?" "ఆ, దూకు." ఇప్పటికీ ఫోన్ చేస్తే హలో అనడు. "దూకాల్నా?" అంటాడు.

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు మాకు మంత్రం నేర్పాడు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ. మొదటి తెర మీద అలా నొక్కితే మూడు లైఫులకు బదులు ముప్పై. ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పుకున్నాం. కొనామీ కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ఆయన గ్రాడియస్ ఆటను ఇంటి వీడియో గేమ్‌కు మార్చేటప్పుడు, పరీక్షించడానికి ఆడుతుంటే ఆ ఆట తనకే కష్టంగా ఉందని పెట్టుకున్న దొడ్డిదారి అది. తీయడం మరిచిపోతే అలాగే ఉండిపోయింది, ఆ తర్వాత ఎన్నో ఆటల్లోకి పాకింది. 2020లో ఆయన చనిపోయాడన్న వార్త చదివి మా వాడికి ఫోన్ చేశాను. ఇద్దరం ఫోన్‌లోనే ఆ వరసంతా మెల్లగా చెప్పుకున్నాం. ఒక్కటి కూడా తప్పలేదు.

బస్టాండ్ దగ్గర నిలువెత్తు పెట్టెలో రూపాయి బిళ్ల వేస్తే నడిచే ఆటలు కూడా ఉండేవి. అందరూ ముస్తఫా అని పిలిచిన ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. నలుగురు హీరోల్లో ఒకడి పేరు ముస్తఫా. పసుపు టోపీ, పరుగెత్తుకొచ్చి గాల్లో ఎగిరి తన్నేవాడు. ఎక్కడో విదేశంలో చేసిన ఆటలో హీరోకు తమ ఇంట్లో పిలుచుకునే లాంటి పేరుందని మా వాడికి ఎంత సంబరమో! ఆ ఆటలో ఇంకెవర్నీ తీసుకునేవాడు కాదు. ఆ పేరు పుణ్యమా అని బస్టాండ్ పిల్లలందరూ ముస్తఫానే కావాలని కొట్లాడుకునేవాళ్లు.

*

ఇంటర్ నాటికి నెట్ సెంటర్లు వచ్చాయి. చెక్క గదులు, కర్టెన్లు, ఒక్కో సిస్టమ్ మీద కప్పిన పువ్వుల గుడ్డ. గంటకు 15 రూపాయలు. అందరూ మెయిల్ చూసుకోవడానికి వస్తే మేం ఐజీఐ ఆడటానికి పోయేవాళ్లం.

ప్రాజెక్ట్ ఐజీఐ 2000లో వచ్చింది, నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ చేసింది. హీరో డేవిడ్ జోన్స్ ఒక్కడే, శత్రువుల స్థావరాలు, 14 మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకోవడం కుదరదు. అరగంట నక్కి నక్కి పోయి ఆఖరి గేటు దగ్గర దెబ్బ తగిలితే మళ్లీ మొదటి అడుగు నుంచి. చాలామంది దీన్ని తిట్టుకుంటూ వదిలేశారు. నాకు అదే నచ్చింది. తొందరపడితే పనికిరాదు. ముందు గుట్ట మీద పడుకుని బైనాక్యులర్‌తో చూడాలి. ఏ కాపలావాడు ఎటు తిరుగుతున్నాడు, ఎక్కడ ఆగుతున్నాడు, కెమెరా ఎటు చూస్తోంది. అలారం మోగిందంటే వాళ్లు పుట్టల్లోంచి వచ్చినట్టు వస్తూనే ఉంటారు. నా ఫిజిక్స్ నోట్సు వెనక పేజీల నిండా ఆ స్థావరాల పటాలే. కంచె ఇక్కడ, టవర్ ఇక్కడ, నిచ్చెన ఇటు. ఇరవై సార్లు చచ్చి ఇరవై ఒకటోసారి ఒక్క తూటా వృథా కాకుండా దాటినప్పుడు, కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి రామగిరి రోడ్డు మీద ఊరికే నడిచాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు, అయినా సంబరంతో ఆ రోజు అన్నం సహించలేదు.

తర్వాత వైస్ సిటీ. 2002 నాటి ఆట, కథ జరిగేది 1986లో, మయామీని పోలిన ఊళ్లో. అందరూ కార్లు కొట్టేయడానికీ, ట్యాంకులు తెప్పించే కోడ్లు కొట్టడానికీ ఆడేవాళ్లు. నేను ఎక్కువగా వాన కోసం ఆడాను.

ఆ ఏళ్లలో మా వైపు వానల్లేవు. తోటలో చెట్లు ఒక్కో వరస ఎండుతూ వచ్చాయి. నాయన ట్యాంకరుతో నీళ్లు కొని కొన్ని వరసలు బతికించాడు, తర్వాత అదీ వల్ల కాలేదు. ఆ నెట్ సెంటర్‌లో కూర్చుని ఆడుతుంటే ఉన్నట్టుండి ఆకాశం బూడిద రంగుకు తిరిగేది, రోడ్డు మెరిసేది, హెడ్‌ఫోన్లలో చినుకుల చప్పుడు. కారు సముద్రం ఒడ్డున ఆపి, దిగి, అలాగే నిలబడేవాణ్ణి. నెట్ సెంటర్ అన్న ఒకసారి వెనక నుంచి చూసి, "ఏందిర తమ్మీ, ఊకెనే నిలబడ్డవ్? టైమ్ పోతున్నది" అన్నాడు. "వాన పడుతోందన్నా" అన్నాను. ఆయనదీ పల్లెనే. ఇంకేమీ అనలేదు. ఆ రోజు పది నిమిషాలు ఎక్కువ కూర్చున్నా పైసలు అడగలేదు.

*

ఉద్యోగం వచ్చిన కొత్తలో నాయన కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో నా రూముకు వచ్చి పది రోజులున్నాడు. బత్తాయి చెట్లు అప్పటికి లేవు. కొట్టించి కట్టెలుగా అమ్మేశాం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద గోడకానుకుని కూర్చునేవాడు. సాయంత్రాలు నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండోది ఆడేవాణ్ణి. 1999లో వచ్చిన ఆట, ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. మూడో రోజు, అద్దాలు కొంచెం పైకెత్తి స్క్రీన్ వైపు చూశాడు.

"ఏంది రా ఇది?"

"రాజుల ఆట నాయనా. పొలమేసి, తిండి కూడబెట్టి, కోట కట్టాలె."

"పొలం యాడున్నది?"

చూపించాను. మిల్లు చుట్టూ చిన్న చిన్న మడులు, ఒక్కో మడిలో ఒక్కో మనిషి వంగి పని చేస్తున్నాడు.

"నీళ్లేడికెల్లి వస్తున్నయ్?"

"నీళ్లక్కర్లేదు నాయనా. 60 కట్టెలు ఖర్చుపెడితే పొలం తయారైతది."

చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆటలో పడిపోయాను. కాసేపటికి మెల్లగా, "నీళ్లడగని పొలం. మంచిగున్నది" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, దుఃఖం కూడా వినపడలేదు. ఇంకొకరి చేను బాగుంటే గట్టు మీద నిలబడి ఒప్పుకున్నట్టుగా అన్నాడు.

ఆ ఆటలో ఒక పొలం 175 తిండి ఇచ్చాక అయిపోతుంది. బీడు పడుతుంది, అందులో మనిషి చేతులు ముడుచుకుని నిలబడతాడు. మనం చూసి మళ్లీ కట్టెలు పెట్టి వేయాలి. యుద్ధంలో పడి నేను చూసుకునేవాణ్ణి కాదు. నాయన చూశాడు. "ఆ మూలది పోయింది సూడు" అన్నాడు. నిజమే, పోయింది. ఆ రోజు నుంచి పొలాల కాపలా ఆయనది. నేను గుర్రాలు నడిపితే ఆయన కంటికి దెబ్బ తగలకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని మడులనే చూస్తూ కూర్చునేవాడు. "మిల్లు పక్కది." "కింది వరసల రెండోది." ఒక్కటి కూడా రెండు నిమిషాలకు మించి బీడు ఉండలేదు. డాక్టర్ స్క్రీన్ చూడొద్దన్నాడని నేను ఆపేయబోతే, "నేను నీ ఆట సూస్తలేను, పొలం సూస్తున్న" అన్నాడు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నేను ఇప్పటికీ ఆడతాను. గెలవడం కంటే పొలాలు బీడు పడకుండా చూడటమే నాకు ముఖ్యం. ఆన్‌లైన్‌లో నాతో కలిసి ఆడేవాళ్లకు ఇది అర్థం కాదు, సైన్యం లేదని తిడతారు.

నాయన పోయి ఆరేళ్లయింది. పానగల్ ఉదయసముద్రంలోకి కృష్ణా నీళ్లు వచ్చాక మా వైపు కూడా కాలువలు పారుతున్నాయి. తోట ఉన్న చోట ఇప్పుడు వరి.

*

ఈ మధ్య మా పాపతో కలిసి ఆడుతున్నది స్టార్డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్కడు బొమ్మలు, పాటలు, కథ అన్నీ తనే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసి 2016లో విడుదల చేశాడు. తాత వదిలిపోయిన పాత పొలానికి మనవడు తిరిగి రావడం దాని కథ. రాళ్లు ఏరాలి, మొద్దులు కొట్టాలి, విత్తనం పెట్టాలి, రోజూ పొద్దున్నే డబ్బాతో ఒక్కో మొక్కకూ నీళ్లు పోయాలి. డబ్బా ఖాళీ అయితే చెరువు దాకా నడవాలి. వాన పడిన రోజు మాత్రం పోయక్కర్లేదు. ఆ రోజు పొద్దున చినుకుల చప్పుడుతో ఆట మొదలైతే పాప చప్పట్లు కొడుతుంది, నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. నాయన ఉంటే ఈ ఆటను ఒప్పుకునేవాడు.

అమ్మ ఫోను బాగై ఇంటికొచ్చిన సాయంత్రం పాప ఆ ఆటే ఆడుతోంది. ఎన్నో రోజులు ఆటలో కూడబెట్టిన 4,000తో నారింజ మొక్క కొని నాటుకుంది. ఆ ఆటలో బత్తాయి లేదు, దానికి దగ్గరిది అదే. 28 రోజులకు చెట్టవుతుంది, ఎండాకాలం కాయలిస్తుంది. కానీ రాత్రి పడుకుని లేస్తే మొక్క పెరగలేదని ఆట చెబుతోంది. పాప నా వైపు చూసింది. నాకు వెంటనే తట్టలేదు.

అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి, కళ్లద్దాలు సరిచేసుకుని, పాప భుజం మీదుగా వంగి చూసింది. మొక్కను ఆనుకుని పాప సామాన్ల పెట్టె పెట్టి ఉంది.

"పాదు కాడ అదేంది బిడ్డా? బత్తాయికి సుట్టూ జాగ ఇడువాలె. అది తియ్" అంది.

పాప పెట్టె జరిపింది. ఆటలో ఆ రోజు ముగించి, దీపం ఆర్పి, రైతును పడుకోబెట్టింది. ముగ్గురం తెల్లవారడం కోసం స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాం.